చెరుకును గుట్టనుకున్న మ్యాపు

గా కుర్చీ ఇటు గుంజుకొని కూసో నవ్యా. కాళ్లు ఊపకు. నేను చెప్పేటిది చెవులు పెట్టి ఇనుకుంట టైపు కొట్టు, నడిమిట్ల ఫోన్ సూస్తివంటే ఆపేస్త. పొద్దుగాల నుంచి సూస్తున్న, ల్యాప్‌టాప్ ముందట మొకం మాడ్సుకొని కూసున్నవు. ఏందే అంటే, "తొవ్వ వంకర వస్తుందే అవ్వా, తప్పేందో దొరుకుతలేదు" అన్నవు. మీ ఆఫీసుల కొత్తగ చేరిన పిల్లలకు పనికొస్తది, నీ నౌకరి సంగతులు చెప్పు, రాసిపెడ్త అన్నవు. సరే రాయి. అయితే ముందే చెప్తున్న, ఇది సంబురపడే ముచ్చట కాదు. ఎన్నో ఏండ్లు గీతలు గీసి రిటైరైన. అన్నిట్ల నా మనసుల మిగిలింది ఒక్క గీత. అది తప్పు గీత కాదు, సక్కటి గీత. సక్కగ గీసినందుకే ఇంకా గుచ్చుకుంటది.

ప్రమోషన్లు, ట్రాన్స్‌ఫర్లు, ఏ కాగితం మీద ఎవరు సంతకం పెట్టిండ్రు, అవన్నీ రాయకు. ఎవరికి గావాలె అవి. హెడ్డింగులు మాత్రం పెట్టు, సదివేటోళ్లకు కండ్లు నొయ్యకుండ.

అసలు పని ఏంది

నేను చేరినప్పుడు కంప్యూటర్ లేదు. నిజామాబాద్ల ఒక సర్వే ఆఫీసు, పెద్ద టేబుల్, ట్రేసింగ్ కాగితం, నల్ల సిరా పెన్ను. కింద పాత పటం, పైన కాగితం, గీత మీద గీత దిద్దుడు. చెయ్యి వణికేటోళ్లకు పనికి రాదు. నా చెయ్యి వణకకపోతుండె, చిన్నప్పటి సంది మా అమ్మ పక్కన కూసొని బీడీ ఆకు కత్తిరించిన కదా. ఆకు మీద రేకు ముక్క పెట్టుడు, దాని చుట్టు కత్తెర తిప్పుడు. ఆకు పెద్దదైనా చిన్నదైనా, ఈనె నడిమిట్లున్నా పక్కకున్నా, రేకు ఎంతుంటే ముక్క అంతనే.

తర్వాత మ్యాపుల సాఫ్ట్‌వేర్ వచ్చింది. ట్రైనింగ్ల అందరు తల పట్టుకున్నరు గని నాకు జల్దినే సమజైంది. అది గూడ రేకు పెట్టి కత్తిరించుడే. భూమినంత సదరంగ గళ్లు గళ్లు కోస్తది. ఒక్కో గడికి నువ్వు ఒక నెంబరు ఇస్తవు, దాని మీదికెల్లి పోతే ఎంత ఖర్చు అని. గుట్ట ఎక్కుడుంటే పెద్ద నెంబరు. కాలువ దాటుడుంటే ఇంకా పెద్దది. సాపు చెలక అయితే చిన్నది. అప్పుడు ఇక్కడికెల్లి అక్కడికి తొవ్వ చూపెట్టు అంటే, ఏ గళ్ల మీదికెల్లి పోతే నెంబర్లన్నీ కలిపి తక్కువైతయో సూసి గీత గీస్తది. లీస్ట్ కాస్ట్ పాత్ అంటే గంతే. దగ్గరి తొవ్వ కాదు, అగ్గువ తొవ్వ. అగ్గువ ఎవరికి అని అది అడగదు. అడిగే డబ్బా ఆ స్క్రీన్ మీద ఎక్కడా లేదు, నేను వెతికి సూసిన.

ఎర్ర అక్షరాలు మంచియే

సాఫ్ట్‌వేర్ ఆగిపోయి ఎర్ర అక్షరాలల్ల ఏదో రాస్తే, కొత్త పిల్లలు పరేషాన్ అయితరు. పరేషాన్ కావద్దు. అది నీ దోస్తు. తప్పున్నదని మొకం మీద చెప్తుంది. అసలు భయపడాల్సింది ఎర్ర అక్షరాలు రాకుండ, పని పూర్తైంది అని పచ్చగ చూపెట్టి, గీత వచ్చి పడ్డప్పుడు. గీత వచ్చిందంటే మనకు నమ్మకం వచ్చేస్తది. మా సారుకు గట్లనే వస్తుండె.

మా సారు పేరు రఘుపతి. మంచోడు. ముందే ఎందుకు చెప్తున్ననంటే, ముచ్చటంత ఇన్నంక నువ్వు ఆయన్ను తిడ్తవు. ఎవల మీద ఒర్రకపోతుండె. ఒక్కటే పిచ్చి, రంగులు. మ్యాపుల పొలాల ఆకుపచ్చ జర్ర ముదురైతే వాపస్ పంపుతుండె. "పద్మా, గిది పొలమా, పాచి పట్టిన గోడనా" అని. నాకు నవ్వొస్తుండె. రంగు సూసేటోడు గీత కింద ఏమున్నదో సూడడు అని అప్పట్ల అనుకున్న. అది గూడ పూర్తిగ నిజం కాదు, చెప్త.

బోధన్ అవతల, మంజీర ఒడ్డుకెల్లి మెరక మీది ఊర్లకు పైపు లైను వెయ్యాలని ఒక పని వచ్చింది. ఆ ఊర్లల్ల ఎండకాలమొస్తే ఆడోళ్లు బిందెలు వరుసకు పెట్టి ట్యాంకర్ కోసం సూస్తరు. పని మంచి పని, నేను గూడ మనసు పెట్టి చేసిన. భూమి ఎత్తుపల్లాలకు ఒక కంపెనీవాళ్లు డ్రోన్ ఎగరేసి తీసిన ఎత్తుల మ్యాపు ఇచ్చిండ్రు. అది ఎక్కించి, కాలువలు ఎక్కించి, రోడ్లు ఎక్కించి, నెంబర్లు ఇచ్చి, తొవ్వ అడిగిన. వచ్చింది. ఎర్ర అక్షరం ఒక్కటి లేదు.

గీత సూస్తే తాగినోడు నడిచినట్టున్నది.

బోధన్ దిక్కు భూమి నీకు ఎరికనే. నల్లరేగడి, రొట్టె పీట లెక్క సాపు. అసొంటి భూమి మీద గీత ఇటు మళ్లి, అటు మళ్లి, ఒక చేను చుట్టు తిరిగి, ఇంకో చేను నడిమిట్ల జొచ్చి పోతుంది. అదేందో అని నేను ఇంకా సూస్తున్ననే, గీత ఎవరి పొలాలకెల్లి పోతుందో ఆ ఊర్లకు తెలిసిపోయింది. ఇస్త్రీ బట్టలేసుకొని ముగ్గురు నలుగురు పెద్ద రైతులు ఆఫీసుకు వచ్చిండ్రు. అండ్ల ఒకాయన కుర్చీల కూసోకుండనే అన్నడు. "మేడం, మీ కంప్యూటర్‌కు మా పొలాలే దొరికినయా? పక్కన సాపు భూమి ఉండంగ గీ మెలికలేంది? తప్పున్నది, సూడుండ్రి."

వాళ్లు పోయినంక సారు నా టేబుల్ కాడికి వచ్చిండు. "వాళ్లు ఎందుకంటున్నరో నాకు ఎరికనే పద్మా. గని గీత వంకరున్నమాట నిజమే కదా. సూడు."

అదీ సంగతి. తప్పు వెతుకుమన్నది వాళ్ల కోసం. గని తప్పు నిజంగనే ఉన్నది. ఈ రెండు మాటలు పక్కపక్కన రాయి బిడ్డా, కలిపి రాయకు.

వెతికిన తీరు

ఇది మీకు అక్కరకొస్తది, మంచిగ రాయి. గీత వంకరొస్తే నేను నాలుగు జాగల సూస్త.

మొదటిది కొలతలు. ఒక మ్యాపు డిగ్రీలల్ల, ఇంకోటి మీటర్లల్ల ఉంటే రెండు ఒకదాని మీద ఒకటి కూసున్నట్టే కనపడ్తయి, లెక్కలు మాత్రం ఆగమైతయి. మోర్తాడ్ దిక్కు పసుపు బండ్లు పోయేటందుకు ఒక రోడ్డు తొవ్వ వెతికినప్పుడు నాకు గట్ల అయ్యింది. ఎత్తు మీటర్లల్ల, అడ్డం పొడువు డిగ్రీలల్ల. దాంతోని ప్రతి గడి నిట్టనిలువు గోడ లెక్క వచ్చింది. అన్నీ గోడలే అయితే ఇంక ఏ గడి అయినా ఒక్కటే కదా, అది స్కేలు పెట్టి గీసినట్టు గుట్ట మీదికెల్లి సీదా గీసి పెట్టింది. సారు సూసి "ఎంత సక్కగుంది" అన్నడు. నేను ఆ గుట్ట కింద బస్సు దిగినదాన్ని కాబట్టి దొరికింది గని, లేకుంటే అది గట్లనే పోతుండె.

రెండోది ఖాళీ గళ్లు. డేటా లేని గడి దానికి గోడతోని సమానం, అండ్లకెల్లి పోదు. ఖాళీగుందని నువ్వు సున్న పెట్టినవనుకో, పుక్కట తొవ్వ దొరికిందని అండ్లకెల్లే ఉరుకుతది. ఇందల్వాయి అడవి దిక్కు ఒక పటం అంచు మాయమై, గీత రోడ్డు ఇడిసిపెట్టి ఊరు చుట్టు తిరిగొచ్చింది ఒకపారి.

మూడోది కాలువలు. కాలువ అడ్డం పోతే ఫికర్ లేదు. ఏటవాలుగ పోతే దాని గళ్లు మెట్ల లెక్క మూల మూల తాకి ఉంటయి. గీత సన్నగ ఆ మూల సందులకెల్లి జారిపోతది, కాలువ దాటినట్టే దానికి తెల్వది. కాలువను ఒక గడి లావు చేస్తే ఆగుతది.

నాలుగోది నెంబర్లు తిరగబడుడు. మంచి జాగకు చిన్న నెంబరు అని నువ్వు అనుకుంటవు, పక్క టేబులాయన మంచి జాగకు పెద్ద నెంబరు ఇస్తడు. ఇద్దరియి కలిపితే గుట్టలు మెత్తగైతయి.

నాలుగు సూసిన. ఒక్కటి గూడ తప్పు లేదు. ఇంక వాలు మ్యాపు తెరిచి, ఎక్కడెక్కడ గీత భయపడి పక్కకు మళ్లుతుందో సూసిన. అక్కడ ఎర్రటి అంచులున్నయి, సదరంగ, చేను ఎంతుందో అంత. నాకేమనిపించిందంటే, గట్లు. మా దిక్కు నల్లరేగడిల వరి మడికి గట్టు ఎత్తుగనే పోస్తరు కదా. సారు గూడ సూసి "గట్లే పద్మా" అన్నడు. ఇద్దరం పొలాల నడుమ పెరిగినోళ్లమే, గట్టును మించి ఇంకోటి మా బుర్రల రాలేదు. గట్లు తీసేసేటట్టు సాపు చేసి మళ్ల తొవ్వ అడిగిన. గీత జర్ర కూడ కదలలే.

సారు అప్పుడు రంగుల పెన్నులు జేబుల పెట్టుకున్నడు. "నడువు, పోయి సూద్దాం" అన్నడు. అందుకే చెప్పిన, మంచోడని.

సాయమ్మ గట్టు మీద

గీతను ఫోన్ల ఎక్కించుకొని దాని మీదనే నడుసుకుంట పోయినం. చెరుకు కొట్టుడు అయిపోయింది. చేన్లన్నీ బోసిగున్నయి, అక్కడక్కడ ఎండాకు కాలవెట్టిన మసి. ఒక గట్టు కాడికి రాంగనే గీత కుడిదిక్కు మళ్లింది. ఎదురుంగ చిన్న చేను. సాపుగున్నది. కొట్టిన మొదళ్లకెల్లి పిలకలు లేస్తున్నయి. మ్యాపుల మాత్రం అదే జాగల మనిషికి రెండింతల ఎత్తు గుట్ట.

ఒకామె బోరు కాడ పారతోని కాలువ సదురుతుంది. నా ఈడుదే. మమ్ములను సూసి పార ఆపింది.

"ఏం పోగొట్టుకున్నరు అక్కా, కిందికే సూస్కుంట నడుస్తున్నరు?"

"గుట్ట పోగొట్టుకున్నం" అన్న నేను.

"నా సేన్ల గుట్టుంటే మొరం అమ్ముకొని కూసుందును" అని నవ్వింది. 

పేరు సాయమ్మ అని చెప్పింది. భర్త లేడు. ఒక్క కొడుకు, ఆటో నడుపుతడు. సేను, బోరు ఆమెనే సూస్కుంటది.

సారు "పైపు లైను సర్వే అమ్మా" అన్నడు. ఆమె నవ్వు ఆగిపోయింది.

"నా సేన్లకెల్లి వస్తదా సారూ?" అని బోరు దిక్కు చెయ్యి సూపిచ్చింది. "గీ ఒక్క బోరు మీదనే ఉన్నం. నడిమిట్ల తవ్విండ్రంటే అవతలి మడికి నీళ్లు పారయి, ఇవతలి మడికి ట్రాక్టర్ మళ్లది. ఇంక సేను ఉన్నా లేనట్టే."

నేను ఫోన్ ఆమె ముందట పెట్టిన. "లేదు సాయమ్మా, ఇగో సూడు, నీ చేను చుట్టు తిరిగి పోతుంది."

ఆమె ఆ గీతను వేలుతోని తాకింది. గీత మీద వేలు పెట్టుకుంట తన చేను మూల కాడికెల్లి ఇంకో మూల దాక తిప్పింది. "సల్లగుండు అక్కా" అన్నది.

ఎండ మండుతుంది. ఒక మూలకు విత్తనం కోసమని నాలుగు చాళ్ల చెరుకు కొట్టకుండ ఉంచుకున్నది. నీడకు రమ్మని అండ్లకు తీస్కపోయింది. గడలు విరిచి మా ఇద్దరికి ఇచ్చింది. సారు పండ్లు కట్టుడు పండ్లు, అయినా మొహమాటానికి నముల్తున్నడు. "నీ చెరుకు గింత ఆలస్యంగ కొట్టినట్టున్నవు" అన్నడు, పిలకలు సూసి.

"నేను కొడ్తనా సారూ. ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రావాలె గదా. పెద్దోళ్లది అయినంక, వాళ్ల తమ్ములది అయినంక, వాళ్ల అల్లుండ్లది అయినంక నా మీదికి వస్తది. అప్పటికి సెరుకు ఎండి బెండు లెక్కయితది. కొట్టేటందుకు అవతలి నుంచి వచ్చిన మరాఠోళ్లు గూడ సామాన్లు సదురుకుంటుంటరు. మొన్న గా మిషిన్ పిట్ట మోతసేస్కుంట ఎగిరినప్పుడు సుట్టు అందరియి కొట్టేసిండ్రు, నాదొక్కటే అడివి లెక్క నిలవడ్డది."

నములుడు ఆపేసిన. తల పైకెత్తి సూసిన. నాలుగు చాళ్ల చెరుకుల నిలవడితేనే ఆకులు కలిసిపోయి ఆకాశం కనపడ్తలేదు. డ్రోన్ పైనుంచి సూస్తది. దానికి మట్టి కనపడది, చెరుకు కొసలే కనపడ్తయి. కొసలనే భూమి అనుకున్నది. కొట్టిన చేను దానికి సాపు భూమి, కొట్టని చేను గుట్ట. మా గీత వాలు సూస్కుంట పోలేదు, ఎవరి చెరుకు ముందు కొట్టిండ్రో వాళ్ల చేన్లకెల్లి పోయింది. పెద్దోళ్ల చేన్లకెల్లి.

సారు మొకం సూసిన. ఆయనకు గూడ అప్పుడే సమజైంది. సాయమ్మ ఇంకో గడ విరిచి నా చేతుల పెట్టింది. "ఇంటికి తీస్కపో అక్కా, పిల్లలు తింటరు" అన్నది.

ఆ గడ పట్టుకొని జీపు ఎక్కిన. నీ బాపు తిన్నడు ఆ చెరుకు. నేను తినలే.

సక్కగైన గీత

ఇంక చేసుడు ఎంత సేపు. డ్రోన్ ఎగిరినప్పటికి కొట్టని చేన్లన్నీ గుర్తువట్టి, వాటి మీది డ్రోన్ ఎత్తులు తీసేసి, పాత సర్వేల మట్టి మీద కొలిచిన ఎత్తులు పెట్టిన. మళ్ల తొవ్వ అడిగిన. గీత సక్కగ వచ్చింది. మంజీరకెల్లి మెరక దాక ఒక్క మెలిక లేదు. సాయమ్మ చేను నడిమిట్లకెల్లి పోయింది.

సారు కాడికి పోయిన. "బోరున్న జాగకు ఖర్చు పెంచుదాం సారూ, అప్పుడు తప్పించుకొని పోతది" అన్న.

"పెంచు" అన్నడు. అడ్డం చెప్పలే.

పెంచిన. ఏమైందో ఎరికేనా? బోర్లు ఎవరికి ఎక్కువుంటయి? పెద్ద రైతు చేన్ల నాలుగైదు బోర్లుంటయి, ఒకటి ఎండితే ఇంకోటి వేయిస్తడు. వాళ్ల పొలాలన్నీ గోడలు కట్టినట్టయినయి. ఒక్క బోరున్న సాయమ్మ చేను ఇంకా అగ్గువైంది. గీత ఇంత జరిగి బోరును తప్పిచ్చింది గని, చేను నడుమనే పోయింది. నేను ఆమె కోసం పెట్టిన నెంబరు ఆమె మీదికే తీస్కచ్చింది. ఇది మీ ట్రైనింగ్ల ఎవరు చెప్పరు బిడ్డా. ఉన్నదాన్ని కాపాడే నెంబరు పెడితే, ఎక్కువున్నోనికే ఎక్కువ కాపుదల దొరుకుతది.

మళ్ల పోయిన సారు కాడికి. "ఆమె ఒక్క చేనుకే నెంబరు పెంచుత" అన్న.

ఆయన కండ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టిండు. "పెంచితే గీత ఎటు పోతది?"

"పక్క చేన్లకు."

"పక్క చేను ఎవరిది?"

సూసిన. ఇంకో సాయమ్మదే. పేరు వేరు, అంతే. అది గూడ ఆఖిరికి కొట్టిన చెరుకే.

"మనిషి పేరు ఈ కంప్యూటర్‌కు తెల్వది పద్మా" అన్నడు. "తెల్వకపోవుడే మంచిగుంది. నువ్వు ఒక పేరు ఎక్కిస్తే, రేపు ఆ ఇస్త్రీ బట్టలోళ్లు వచ్చి వాళ్ల పేర్లు ఎక్కియ్యమంటరు. నేను కాదనగలుగుతనా? నువ్వు కాదనగలుగుతవా?"

కాదనలేను. ఆయన మాట తప్పని ఇప్పటికీ అనలేను. తిట్టుకుందామంటే గూడ జాగ ఇయ్యలేదు ఆయన.

నువ్వు ఏమంటవో నాకు ఎరికనే. ఆ వంకర గీతనే పంపితే అయిపోయేది కదే అవ్వా, అంటవు. ఎట్ల పంపుత? తప్పని తెలిసినంక సరిగున్నదని ఎట్ల చెప్త? పంపినా ఆ పెద్ద రైతులు ఇంకొకల్లతోని సూపిచ్చి తప్పు పట్టుకునేటోళ్లు, ఎందుకంటే తప్పు నిజంగనే ఉండె. ఇంకో మాట గూడ మనసుకు చెప్పుకున్న. మెరక మీది ఆడోళ్లు బిందెలు పట్టుకొని నిలవడ్డరు కదా, వాళ్లకు నీళ్లొస్తయి కదా అని. గా ఒక్క మాట మీద నేను గీత పంపిన.

తర్వాత ఏమైంది

వానలకు ముందుగాల తవ్విండ్రు. పైపులు తెచ్చి గట్ల పొంటి దించిండ్రు. కొన్ని దించిండ్రు, కొన్ని రాలే. పని పట్టిన కంట్రాక్టర్ నడిమిట్ల ఇడిసిపెట్టి పోయిండు. ఎందుకు పోయిండో ఒక్కొక్కరు ఒక్కో తీరు చెప్పిండ్రు, నాకు ఏది నిజమో తెల్వది. పైపు కోసం తవ్విన మోరి తవ్వినట్టే ఉన్నది. నల్లరేగడి ఎట్లుంటది, ఒక వాన పడితే అంచులు కూలుతయి. వాన వానకు మోరి వెడల్పు అయ్యింది. మెరక మీది ఊర్లకు చుక్క నీళ్లు రాలే, ఇప్పటికీ ట్యాంకరే.

గీత మీద పని ఎంత దాక వచ్చిందో కొలువుమని నన్నే పంపిండ్రు. సారు అప్పటికే రిటైరైండు. నేనొక్కదాన్నే పోయిన. సాయమ్మ చేను రెండు ముక్కలైంది. బోరు ఇవతల, చేను సగం అవతల. అవతల సగం గడ్డి మొలిచింది. ఇవతల కొంచెం మక్క వేసుకున్నది, చెరుకు లేదు. మోరి మీద రెండు కర్రలేసి దాటుతుంది.

నన్ను గుర్తువట్టింది. కోపం చెయ్యలే, మంచినీళ్లు తెచ్చిచ్చింది. నేను తాగినంక అడిగింది.

"అక్కా, గప్పుడు నా సేను సుట్టు తిరిగి పోతుందన్నవు గదా. నీ ఫోన్ల సూపిచ్చినవు. నేను ఏలు పెట్టి సూసిన."

"అది తప్పుండె సాయమ్మా. నీ చెరుకును గుట్ట అనుకున్నది. తర్వాత సరిచేసినం."

"నా సెరుకును గుట్ట అనుకున్నదా" అని జర్ర నవ్వింది. "ఎన్నడు లేంది, ఒక్కసారి ఆఖిరికి కొట్టుడు నాకు అక్కరకొచ్చినట్టుండె." మోరి దిక్కు సూసింది. "గా తప్పుతోని మీకేం నష్టమైతుండె అక్కా?"

ఎద్దేవ చేస్కుంట అడగలే బిడ్డా. నిజంగ తెలుసుకుందామని అడిగింది, పంట రోగం గురించి అడిగినట్టు. నేను పెద్ద మ్యాపుల మనిషిని కదా, నాకు ఎరికుంటదని అడిగింది.

మెరక ఊర్లకు నీళ్లు అని చెప్దామంటే నీళ్లు రాలే. వాలు, ఖర్చు, సక్కటి గీత అని చెప్దామంటే, ఆ సక్కటి గీత మోరి అయి ఆమె కాళ్ల ముందటున్నది. కొలత టేపు చుట్టుకొని వచ్చేసిన. తర్వాత ఆమె చేను కౌలుకిచ్చి కొడుకు కాడికి పోయిందని ఇన్న. అడిగి తెలుసుకోలేదు, ఇన్న అంతే.

నౌకరిల తప్పు చేస్తే దిద్దుకునేటందుకు తొవ్వ ఉంటది. తప్పు లేకుండ చేసినదాన్ని ఎట్ల దిద్దుకోవాలె? చిన్నపిల్లవు నీకు చెప్పుడెందుకు అనుకున్న, గని నువ్వు గదే నౌకరిల చేరినవు.

నీ వంకర గీత సంగతి

సరే, ఇంక నీది సూద్దాం. ఆ ఎత్తుల మ్యాపు ఎప్పుడు తీసిండ్రో అడుగు. ఏ నెలల, ఏ పంట నిలవడ్డప్పుడు. చెరుకు కాకుంటే మక్క ఉంటది, మక్క కాకుంటే టేకు మొక్కలు. పైనుంచి సూసినదా, మట్టిని కొలిచినదా, అది తెలుసుకో. నాకు అనుమానం అదే. రేపటికి దొరుకుతది నీకు, నువ్వు తెలివికల్లదానివి. గీత సక్కగైతది. మీ సారు మెచ్చుకుంటడు.

అయినంక ఒక పని చెయ్యి. ఆ సక్కటి గీత మీద ఒక్కపారి నడువు. బస్సుల కాదు, కాళ్లతోని. నడిస్తే ఏమొస్తది అంటవా? ఏం రాదు. నేను నడిచిన, ఏమొచ్చింది? సాయమ్మకు ఏమొచ్చింది? నడవకుంటే ఆమె నాకు ఒక సదరపు గడి, గంతే. నడిచినందుకు ఆమె గొంతు గూడ యాదికున్నది, అది ఇంకా తక్లీఫు. నడిస్తే నీకు బరువే గని లాభం లేదు, ఆ మాట గూడ రాయి, మీ పిల్లలకు అబద్ధం చెప్పొద్దు. అయినా నడువుమని ఎందుకంటున్ననంటే, రేపు ఎవరన్న నీ మొకం సూసి గట్ల అడిగినప్పుడు, జవాబు లేకున్నా సరే, నువ్వు కనీసం వాళ్ల ముందట నిలవడి…

ఏందీ? ఎవరు పిలుస్తున్నరు, మీ అమ్మనా?

"అత్తమ్మా, రొట్టెలు సల్లగైతున్నయి. నవ్యను గూడ లేపుకొని రా, పప్పు మళ్ల మళ్ల కాగవెట్ట."

వస్తున్న వస్తున్న. లే బిడ్డా, పట్టు నా చెయ్యి, మోకాలు పట్టుకున్నది. ఏం చెప్తున్న నేను, ఆఁ, వాళ్ల ముందట నిలవడు నువ్వు, నా లెక్క టేపు చుట్టుకొని రాకు.